బోరులో రాళ్లు

తనకల్లు దిక్కున ఆదెప్పను ఎరిగినోళ్లంతా, ఎద్దును కూడా గట్టిగా అదిలించడని చెప్పుకునేవాళ్లు. తన గురించి ఆదెప్ప అనుకునేదీ అదే.

రెండువేల రెండులో వానలు లేవు. ఆదెప్ప బోరు ఎండిపోయింది. బిడ్డల మాదిరి సాకిన చీనీబత్తాయి చెట్లు ఆకు ముడిచినాయి. పక్కచేని గంగాధరప్ప బోరులో మాత్రం నీళ్లుండాయి. ఆయనే వచ్చి, "నా చెట్లు తడిసినాక నీకిడుస్తాలే ఆదెప్పా, దిగులు పడాకు" అన్నాడు. అన్నట్టే ఇడిచినాడు.

చెట్లు బతికినాయి. కానీ "గంగాధరప్ప పుణ్యాన ఆదెప్ప తోట నిలిచె" అని ఊర్లో ఎవరన్నా అంటే ఆదెప్పకు అన్నం దిగేది కాదు. గంగాధరప్ప ఈ తోటలోకొచ్చి ఆకు తడిమి చూస్తే ఒళ్లు మండేది. ఆయన ఒక్క మాటన్నా తప్పుగా అంటే బాగుండునని కాచుకున్నాడు. ఆయన అనలేదు.

ఎండాకాలంలో గంగాధరప్ప మోటరు కాలిపోయింది. పైకి లాగి కదిరికి రిపేరుకు పంపి, బోరు మూతికి గోనెపట్ట కట్టినారు. ఊరంతా పెండ్లి భోజనాలకాడ ఉన్న మధ్యాహ్నం ఆదెప్ప ఆ పట్ట విప్పి, గట్టుమీది రాళ్లు ఏరి లోపలికి వేసినాడు. ఒక్కో రాయి పైపుకు తగులుకుంటా పోయి ఎక్కడో అడుగున బుడుంగుమనేది. ఆ సద్దుకు ఎన్నాళ్లుగానో లేని హాయి కలిగింది. పట్ట కట్టేసి తన చేన్లోకి వచ్చినాక, దూరంగా మిట్టమీద గొర్రెలు మేపుతున్న తిప్పేష్ చెయ్యెత్తి పలకరించినాడు. ఆదెప్పా చెయ్యెత్తినాడు.

రిపేరైన మోటరు బోరులోకి దిగలేదు. గంగాధరప్ప తాడుకు ఇనుపగుండు కట్టి దించి చూస్తే లోపల రాళ్లు తగిలినాయి. అంతకుముందు ఆయన తిప్పేష్ గొర్రెలను తోటలోంచి తరిమింటే, పెండ్లి పొద్దు చేన్ల తట్టు ఉండింది వాడొక్కడేనని అనుమానం వాని మీదికే పోయింది. పట్టుకొచ్చినారు.

"ఆ నీళ్లే కదన్నా నా గొర్రెలు తాగేది, నేనెందుకేస్తా?" అని తిప్పేష్ ఏడ్చినాడు. గుంపులో ఆదెప్పను చూసి వాని మొగం తేటబడింది. "ఆదెప్పన్నా, నువ్వన్నా చెప్పు. ఆ పొద్దు నేను మిట్టమీదుంటి, నీ చేన్లోంచి చూస్తివి గదా!"

అందరూ ఆదెప్ప వైపు తిరిగినారు.

"ఆ పొద్దు నేను చేని తట్టుకే పోలేదు" అన్నాడు ఆదెప్ప.

తిప్పేష్ నోరు తెరుచుకుని అట్లే చూసినాడు. అర్థమైపోయింది వానికి. దెబ్బలు మొదలైనాయి. ఆదెప్ప కూడా కొట్టినాడు, అందరికంటే గట్టిగా. భుజం విరిగిన తిప్పేష్ గొర్రెలమ్ముకుని, పెండ్లాం బిడ్డలతో బెంగళూరు తట్టుకు పోయినాడు.

"పెండ్లి పొద్దు నీ చేతులు గీరుకుపోయింటే ముండ్లంటివి" అనింది ఒక సాయంత్రం ఆదెప్ప పెండ్లాం నల్లమ్మ. ఆదెప్ప తల ఎత్తలేదు.

"ఎవురికన్నా చెప్పినావా?"

"ల్యా."

"అట్లయితే గమ్మునుండు."

ఆమె అరుస్తుందని, చీదరించుకుంటుందని అనుకున్నాడు. ఆమె పోయి పొయ్యి ముట్టించింది.

రెండు తోటలూ ఎండినాయి. ఆదెప్ప తన చెట్లు కట్టెలకు కొట్టించే పొద్దు గంగాధరప్ప వచ్చి గట్టుమీద కూచున్నాడు. "నన్ను నమ్ముకుంటివి. నా వల్ల నీ చెట్లూ పోయెనే అప్పా!" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. ఆదెప్ప పక్కన కూచుని ఆయన వీపు నిమిరినాడు. తనకూ ఏడుపొస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు.