ఇన్నయ్య మేస్త్రీ సంతకం

ఆ సంతకం పెట్టిన చేతిని విరగ్గొట్టాలనిపించింది జీవరత్నానికి. పెట్టింది తనే కాబట్టి ఆ విరగ్గొట్టడమేదో తనకు తనే చేసుకోవాలి. ఆ మాట తల్చుకుంటే ఒళ్లు మరింత మండింది.

పెదకూరపాడులో ఇన్నయ్య మేస్త్రీని ఎరగనివాళ్లు లేరు. తాపీ పనిలో, అందులోనూ గోడ మీద సిమెంటుతో తీగలూ పువ్వులూ తియ్యడంలో అతని చేతికి తిరుగులేదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్ను ఉంటుంది. ఎవరైనా ఇంటి ప్లాను చేతికిస్తే కళ్లు చికిలించి చూస్తాడు, తలాడిస్తాడు, రేపు మాట్లాడదామని మడిచి ఇంటికి తెస్తాడు. ఇంట్లో జీవరత్నం బియ్యం ఏరుకుంటూ దాన్ని చదివి చెబుతుంది, ఏ గది ఎంత, కిటికీ ఎటు, మెట్లు ఎక్కడ. తెల్లారి వెళ్లి ప్లాను విప్పకుండానే కొలతలన్నీ గడగడా అప్పజెప్పేస్తాడు. జనం ముక్కున వేలేసుకుంటారు. చర్చిలో కూడా అంతే, పాటల పుస్తకం చేతిలో పట్టుకునే పాడతాడు, ఏ పేజీ తెరిచి ఉన్నా అతనికి ఒకటే. ఇన్నయ్యకు అక్షరం ముక్క రాదని తెలిసింది మొగుడూ పెళ్లాం ఇద్దరికే. ఆ గుట్టు కాపాడటమే జీవరత్నం కాపురంలో సగం చాకిరీ. ఎక్కడ సంతకం కావాలన్నా ఇన్నయ్య తీరిక లేదని కాగితం ఇంటికి తెచ్చేవాడు, ఆమె పెట్టి ఇచ్చేది.

ఆ పాలసీ సంగతి మాత్రం అతనికి చెప్పకుండా చేసింది. కొడుకు పుట్టిన ఏడు పుల్లారావు అనే ఏజెంటు వాళ్ల వసారాలో కూర్చుని ఇన్సూరెన్స్ గురించి గంటసేపు చెప్పాడు. ఇన్నయ్య ఇంతెత్తున లేచాడు. నేనెప్పుడు పోతానా అని కాసుకు కూర్చుంటావా అని పెళ్లాం మీద పడి, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయాడు. ఆ కోపం చావు మాటకి కాదనీ, సంతకం పెట్టమంటారన్న భయానికనీ ఆమెకు తెలుసు. ఆయన చేతికి దెబ్బ తగిలింది, వేలిముద్ర వెయ్యొచ్చు కదా అని అబద్ధమాడితే పుల్లారావు మొహం చిట్లించాడు. దానికి వేరే కాగితం రాయాలి, సాక్షి కావాలి, బోలెడు తతంగం. నువ్వే గీకెయ్యి అక్కా, ఎవరు చూడొచ్చారు అన్నాడు.

గీకితే బాగానే ఉండేది. ఈ మహాతల్లి గీకలేదు. పదో తరగతి దాకా చదివిన మనిషి కదా, మొగుడి సంతకం హెడ్మాస్టరు సంతకంలా ఉండాలని ముచ్చటపడింది. మొదటి అక్షరం పాము పడగలా పెద్దగా తిప్పింది. చివరి అక్షరం తోకని వెనక్కి లాగి, కింద బారుగా ఒక గీత గీసి, ఆ గీత కొసన పువ్వులాంటి ముడి వేసింది. దుంపతెగ, ఇద్దరికే తెలిసిన గుట్టుకి అంత సోకెందుకు? ఆనాడు మాత్రం దాన్ని చూసి మురిసిపోయింది. తర్వాత మిరపకాయల తొడిమలు తీసిన కూలిలోంచి మిగిల్చి ప్రీమియం కట్టుకుంటూ వచ్చింది.

ఇప్పుడు పాలసీ గడువు తీరింది. మనిషి బతికే ఉన్నాడు కాబట్టి డబ్బులు అతనికే ఇస్తారు. అయితే అతనే నరసరావుపేట ఆఫీసుకొచ్చి వాళ్ల ఎదురుగా సంతకం పెట్టాలి, అది పాత సంతకంతో కలవాలి. ఈ ముక్క ఫోనులో వినగానే జీవరత్నానికి గొంతులో వెలక్కాయ పడింది.

వదిలేద్దామంటే వదిలేసేది కాదు. పోయిన ఎండాకాలం ఇన్నయ్య పరంజా మీంచి పడ్డాడు. ఇసక్కుప్ప మీద పడబట్టి బతికాడు. ఇక ఎత్తులెక్కొద్దు, తల తిరుగుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. రెణ్ణెల్లు మంచంలో ఉండి మళ్లీ ఎక్కుతున్నాడు. ఎక్కక ఏం చేస్తాడు? ఆ పాలసీ డబ్బులొస్తే సెంట్రింగ్ రేకులూ కర్రలూ కొని అద్దెకిచ్చుకుంటూ నేల మీద కూర్చోవచ్చు. జీవరత్నానికి కావలసింది అంతే, మొగుడు నేల మీద ఉండటం. రోజూ అతను పనికెళ్లాక ఫోను మోగితే చాలు, ఆమె చేతిలో పని కింద పడేసి పరిగెత్తుతుంది.

చెప్పక తప్పలేదు, చెప్పింది. దొంగసంతకం పెట్టినందుకు తిడతాడనుకుంది. ఆమె దాచిపెట్టిన పాత ఫారం నకలుని ఇన్నయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందే ఇది? నా సంతకమా, కలెక్టరు సంతకమా?"

"నీదే. నేర్చుకో."

"ఇంతకంటే బుద్ధి గల సంతకం దొరకలేదటే నీకు?"

నేర్పడం మొదలుపెట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది. తాపీ పట్టుకున్నట్టు పెన్ను పట్టుకుని నొక్కేసరికి కాగితం చిరిగేది. ఒకరోజు అక్షరం బోర్లా పడేది, ఇంకోరోజు తోక పైకి లేచేది. ఆమె వేసి చూపించేది, అతను చెడగొట్టేవాడు, ఆమె మళ్లీ వేసేది. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండని మనిషికి చెయ్యి మాత్రం దానంతటదే ఇన్నయ్య సంతకం పెట్టేస్తోంది. చివరికి విసిగి, మిరపకాయలకి నేర్పినా ఈపాటికి వచ్చేదయ్యా, నీ బుర్రలో సిమెంటు పోశారా అని తిట్టి, పెన్ను విసిరికొట్టి, పెరట్లోకెళ్లి ఏడ్చింది.

ఏడ్చి లోపలికొచ్చేసరికి ఇన్నయ్య పెచ్చులూడిన వసారా గోడకి కాస్త సిమెంటు మెత్తి, పచ్చిగా ఉండగానే తాపీ కొసతో గీస్తున్నాడు. అక్షరాల జోలికి పోలేదు. ముందు దారం కట్టినట్టు కింద గీత లాగాడు. దాని కొసన పువ్వు వేశాడు. ఆ గీత మీద ఒక్కొక్క ఒంపే పేర్చుకుంటూ వెనక్కి వచ్చాడు. జీవరత్నం నోరు తెరిచింది. అచ్చు తన సంతకమే.

"ఇది రాత అని చెప్పి చంపావు గానీ," అన్నాడు, "డిజైను అంటే ఎప్పుడో వచ్చేది."

నాలుగు రోజుల్లో కాగితం మీద కూడా వచ్చేసింది. ఇద్దరూ సత్తెనపల్లి మీదుగా బస్సెక్కి నరసరావుపేట చేరారు.

ఆఫీసులో అడుగుపెట్టగానే ఎదురుగా మస్తాన్‌రావు. ఇన్నయ్యకి పనులిచ్చే కాంట్రాక్టరు. తన పాలసీ పనేదో చూసుకుంటున్నాడు. మేస్త్రీ, ఓసారి పెన్ను అంటూ జేబులోంచి లాక్కున్నాడు. గీసి చూశాడు, పడలేదు. ఎన్నేళ్లయిందో అది ఎండిపోయి. ఇంకు అయిపోయిందిలే అని ఇన్నయ్య గబగబా దాన్ని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. జీవరత్నం చూపు నేల మీద పెట్టుకుంది.

కౌంటరులో రాజేశ్వరి అనే ఆమె పాత ఫారం ముందుపెట్టుకుని, కొత్త కాగితం ఇటు తోసి, పెన్ను ఇచ్చింది. ఇన్నయ్య ఊపిరి బిగబట్టి ముందు కింద గీత లాగాడు. రాజేశ్వరి తలెత్తింది. పువ్వు వేశాడు. తర్వాత కుడి నుంచి ఎడమకి అక్షరాలు పేర్చడం మొదలెట్టాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని మరీ చూసింది. పెట్టడం అయ్యాక రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకుంది. కలిశాయి. వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఆమె మొహంలో అనుమానం తగ్గలేదు.

సాక్షిగా మీరు పెట్టండమ్మా అని కాగితం జీవరత్నం వైపు తిప్పింది. గండం గడిచిందన్న సంబరంలో జీవరత్నం పెన్ను అందుకుని చకచకా పెట్టేసింది. పాముపడగ, తోక, గీత, పువ్వు. పెట్టాక చూసుకుంది. నెల రోజులుగా అదే పెట్టీ పెట్టీ, చెయ్యి తన పేరు మర్చిపోయింది.

రాజేశ్వరి మూడు సంతకాల మీదా వేలు పెట్టుకుంటూ వచ్చింది. పాతది, ఇన్నయ్యది, ఇప్పటిది.

"ఏందమ్మా ఇది? ఇందులో ఏది ఎవరిది?"

కొంప ముంచింది తనే. ఇన్నేళ్ల కూలీ, ఆ పరంజా, అంతా కళ్లముందు గిర్రున తిరిగాయి. పక్కన మస్తాన్‌రావు కాగితం వదిలేసి ఇటే చూస్తున్నాడు. ఇన్నయ్య ఒకసారి అతన్ని చూశాడు, ఒకసారి పెళ్లాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు చదువు రాదు మేడమ్. ఒక్క అక్షరం రాదు. ఆ సంతకం నాకు నేర్పింది ఈమే. అందుకే ఇద్దరిదీ ఒకటే ఉంటది. కంగారులో నాదే పెట్టేసింది."

నేర్పిన మాట నిజమే. ఎప్పుడు నేర్పిందో మాత్రం చెప్పలేదు. అందుకే ముందు గీత గీశారా అని రాజేశ్వరి తనలో తను అనుకుని, కాసేపు ఆలోచించి, ఆ సంతకం కొట్టేసి పక్కన ఖాళీ చూపించింది. మీ పేరు రాయండమ్మా, మీది అంది. జీవరత్నం పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగింది. చివరికి బళ్లో రాసినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా తన పేరు రాసింది. దానికి తోకా లేదు, పువ్వూ లేదు.

మెట్ల దగ్గర మస్తాన్‌రావు ఆపాడు. మరి ఇన్నాళ్లూ నా ప్లాన్లు ఎవరు చదివారు మేస్త్రీ అన్నాడు. ఇన్నయ్య గడ్డంతో పెళ్లాం వైపు చూపించాడు. మస్తాన్‌రావు బండి ఎక్కి వెళ్లిపోయాడు. రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది.

బస్టాండు దాకా జీవరత్నం తిడుతూనే ఉంది. ఇన్నేళ్లు దాచుకొచ్చింది ఇందుకేనా, వాడి ముందరే చెప్పాలా, ఇంకో అబద్ధం దొరకలేదా అని. తిడుతుంటే కళ్లు కారిపోతున్నాయి, తుడుచుకుని మళ్లీ తిడుతోంది. బస్సులో కూర్చున్నాక ఇన్నయ్య జేబులోంచి పెన్ను తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇంక నీ దగ్గరే ఉంచుకో."

"ఎండిపోయిన పెన్ను నాకెందుకయ్యా," అని కసిరి, దాన్ని సంచిలో వేసుకుంది.