వెల్డా టాకెట్ చేతికి కుదిరిన పిస్తోలు

వెల్డా టాకెట్ నా కొట్లోకి వచ్చి గాజుబల్ల ముందు నిలబడితే, ఇవతలి వైపు కూర్చున్న నాకు ఆమె కళ్లద్దాలూ, వాటి పైన తెల్లటి జుట్టుముడీ తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. చలికోటుతో సహా తూచినా వంద పౌన్లు ఉండదు. అరవై మూడేళ్ల మనిషి. ఆర్కన్సా కొండల్లో మా కేవ్ ఫోర్డ్ చుట్టూ రెండు కౌంటీల్లో ఎక్కడ పియానో ఉన్నా దాన్ని శ్రుతి చేసేది ఆమే. ముప్ఫై ఏడేళ్లుగా ఒక్కతే కారేసుకుని కంకర రోడ్ల మీద తిరుగుతోంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు రెండు నెలలు పియానో నేర్పి, "ఈ పిల్లాడికి చెవుల్లేవమ్మా, డబ్బు దండగ" అని మా అమ్మకు చెప్పేసింది. ఆ మాట నిజమే. అందుకే నేను తుపాకులూ చేపల ఎరలూ అమ్ముకుని బతుకుతున్నాను.

మొన్న ఏప్రిల్లో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ట్రక్కులో ఆమె వెనక నాలుగు మైళ్లు వచ్చి, వాగు మీద చప్టా దగ్గర అడ్డంగా ఆపి, కాసేపు చూసి వెళ్లిపోయాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. కానీ ఆమె కొడుకు రాయ్స్‌కి అంతే చాలు. రాయ్స్ బడి బస్సు నడుపుతాడు. పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒక ట్రిప్పు, మధ్యలో గోళ్లు గిల్లుకోవడం. భార్య వెళ్లిపోయి మూడేళ్లయింది. మర్నాటి నుంచీ తల్లి కారులో పక్క సీటెక్కి కూర్చున్నాడు.

పియానో శ్రుతి చేయడమంటే వినడం. రెండు తీగలు కలిపి మోగించినప్పుడు వాటి మధ్య సన్నటి వణుకు ఒకటి పుడుతుంది. అది ఎంతలో ఆగుతుందో వింటూ తీగ చుట్టి ఉన్న మేకు తిప్పాలి. ఆమె అలా తల వంచి వింటుంటే, వెనక సోఫాలో రాయ్స్ గొంతు సవరించుకుంటాడు. తాళంచెవులు ఆడిస్తాడు. ఇంటివాళ్లతో జింకల కబుర్లు మొదలెడతాడు. మే నెల వచ్చేసరికి రెండు ఇళ్ల నుంచి, "మిస్ వెల్డా, ఈసారి పై స్వరాలు కాస్త తేడాగా ఉన్నాయండీ" అని ఫోన్లు వచ్చాయి. ముప్ఫై ఏడేళ్లలో అలాంటి ఫోన్ రావడం అదే మొదలు. ఆమెకు అవమానంగా ఉండింది. ఉండదా మరి?

రాయ్స్ మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. "నువ్వు పిస్తోలు పెట్టుకుని తిరగాలి. ఊరికే పెట్టుకుంటే కాదు. బట్టల కింద నుంచి తీసి, ఏడు గజాల నుంచి పళ్లెంలో ఐదుకి ఐదు కొట్టాలి. చెయ్యి కుదిరిన రోజే కొట్టు, లేదంటే జూన్‌లో చర్చి మగవాళ్లు పెట్టే చేపల వేపుడు విందు గడువు, అక్కడ అందరి ముందూ కొట్టు. కొట్టావా, మళ్లీ నీ కారెక్కితే ఒట్టు. లేదా, నేనూ వస్తాను, చచ్చేదాకా వస్తాను" అన్నాడు. ఆమె సరేనంది. తన రోడ్డు తనకు కావాలి. అదీ పందెం.

ఇక మా వాళ్ల సంగతి. ఇంట్లో చావు జరిగితే మేం గిన్నెల్లో కూరలు వండి పట్టుకెళ్తాం. గిన్నె ఎవరిదో తెలిసేలా అడుగున టేపు ముక్క అంటించి పేరు రాస్తాం. ఈసారి ఒక ఆడమనిషికి పిస్తోలు కావాలన్న కబురు పొక్కగానే, మగాళ్లందరూ అలాగే తలా ఒకటి పట్టుకొచ్చారు. ఆమె మరిది ఒకటి, పాస్టర్ ఒకటి, పశువుల డాక్టర్ రెండు. వారంలో ఆమె వంటింటి బల్ల మీద తొమ్మిది పోగయ్యాయి. వెల్డా ఏమాత్రం తడబడకుండా ప్రతిదాని పిడికీ టేపు అంటించి పేరు రాసింది.

ఆ తొమ్మిదీ చిన్నవే. మనిషి చిన్నది కాబట్టి తుపాకీ చిన్నదై ఉండాలని మగాడి లెక్క. చెప్పుల కొట్లో లెక్క అది. పదో తుపాకీ నాది. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నేనే అందరికంటే పెద్ద మూర్ఖుణ్ణి. లావెండర్ రంగు బుల్లి రివాల్వర్ తీసి, "మిస్ వెల్డా, ఇది మీకోసమే పుట్టిందండీ. చేతిసంచిలో రుమాలు ఉన్నంత తేలిగ్గా ఉంటుంది" అని బల్ల మీద పెట్టాను.

సోమవారం పొద్దున్నే కొట్టు తీయగానే వచ్చింది. ఆ రివాల్వర్ బల్ల మీద పెట్టి, పక్కనే కుడి చెయ్యి చాపింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం నీలంగా కమిలి ఉంది.

"ఆర్లిన్, నాయనా, దీన్ని ఎప్పుడైనా నువ్వు కాల్చావా?"

"కాల్చాలా మిస్ వెల్డా, ఇన్ని అమ్మాను..."

"అమ్మిన సంగతి అడగలేదు. కాల్చావా?"

రివాల్వర్ పిడి మీది దుమ్ము తుడిచాను.

"పద, వెనక్కి పద" అంది.

కొట్టు వెనక పాత కంకర గుంట ఉంది. దాని మట్టిగోడే మాకు గురి చూసే చోటు. చెవుల్లోకి దూది లాంటి బిరడాలూ, వాటి మీద పెద్ద మూతలూ రెండూ పెట్టుకుని దూరంగా నిలబడింది. చెవులు ఆమె అన్నం మరి. నేను లావెండర్ రివాల్వర్ ఎత్తి ఐదు కాల్చాను. మూడోదానికి మణికట్టు జిల్లుమంది. ఐదోదానికి నేను అమ్మానాన్నల్ని తలుచుకున్నాను. పిట్ట కొంచెం, కూత ఘనం అంటారే, అచ్చం అదే. బరువు లేని తుపాకీలో తూటా విసురంతా చేతి మీదే పడుతుంది. ఈ సంగతి తెలియక కాదు, ఎప్పుడూ నా చేతి మీద పడలేదు కాబట్టి మర్చిపోయాను.

"ఇప్పుడు చెప్పు, ఎవరికోసం పుట్టింది?" అంది.

"సైతాను కోసమండీ" అన్నాను. నవ్వింది. ఆ నవ్వుతో నా పరువు కాస్త మిగిలింది.

అక్కడి నుంచి ప్రతి శనివారం వచ్చేది. మగాళ్లు తెచ్చిచ్చిన పిస్తోళ్లు ఒక్కొక్కటీ వాళ్లకు తిరిగి ఇచ్చేస్తూ, నా అరల్లోవి ఒక్కొక్కటీ చూసేది. ఆమె చూసే తీరు నేనెక్కడా చూడలేదు. నేను ఖాళీ చేసి ఇచ్చినదాన్ని తనూ రెండుసార్లు విప్పి చూసుకునేది. మూతిని ఇసక బకెట్‌లోకి పెట్టి, కళ్లు మూసుకుని, ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతూ వినేది.

"ఇది సగం దూరం వచ్చి గీరుతోంది. తీసెయ్."

"ఇదెప్పుడు వదులుతుందో ముందుగా చెప్పడం లేదు. మోసగత్తె."

"దీని పిడి లావు. నా వేలు ట్రిగ్గర్ మీదికి రావాలంటే చెయ్యంతా పక్కకి తిరుగుతోంది, చూడు."

ఆ సంగతి నేనెప్పుడూ గమనించలేదు. అంతవరకూ చిన్నచేతివాళ్ల ఇబ్బంది బలం లేకపోవడమే అనుకునేవాణ్ణి. ఒకసారి తూటా ఎక్కించడానికి పిస్తోలు పై తొడుగు వెనక్కి లాగలేక ఆమె ఆగిపోతే, "పోనీలెండి, ఆడచెయ్యి, అంత బలం..." అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కరచాలనం చేసింది. అంతే. ముప్ఫై ఏడేళ్లు బిగుతు మేకులు తిప్పిన చెయ్యి అది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బలం లేక కాదు నాయనా, చెయ్యి చాచి లాగమన్నావు నువ్వు. నీకు పొడుగు చేతులు కాబట్టి" అంది. పిస్తోల్ని గుండె దగ్గరికి తెచ్చుకుని, మూతి మట్టిగోడ వైపే ఉంచి, పై తొడుగు ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో పిడిని ముందుకు తోసింది. టక్కుమని తెరుచుకుంది. ఆ రోజు నుంచి నేను ఆడవాళ్లందరికీ అలాగే నేర్పుతున్నాను. నాకే తెలిసినట్టు నేర్పుతున్నాను.

ఆరో శనివారం తేల్చింది. పాతవాటి అరలో ఎవరూ ముట్టని నల్లటి పిస్తోలు ఒకటి ఉండేది. పెద్దది, నా అరచేతిని దాటి ఉంటుంది. అందంలో ఇస్త్రీపెట్టెకు చెల్లెలు. కానీ పిడి సన్నం, లోపలి స్ప్రింగు మెత్తన, తూటా కూడా మెతక రకం. ఐదు కాల్చి చెవుల మూతలు తీసింది.

"ఇది తన్నలేదు, ఆర్లిన్. భుజం మీద చెయ్యివేసి కాస్త నెట్టింది, అంతే."

"పెద్దదండీ మీకు. ఎక్కడ దాస్తారు?"

"అది నా గొడవ."

గొడవే అయింది. మా ఊళ్లో మగాళ్లు బెల్టుకు ఒర తగిలించి పైన చొక్కా వదిలేస్తారు. వెల్డా వేసుకునేవి గౌన్లు, బెల్టన్నదే ఉండదు. మొదట నడుముకు కట్టుకునే పట్టీ తెచ్చుకుంది. పియానో ముందు వంగితే ఒర పక్కటెముకల్లో గుచ్చుకునేది. అందులోనూ మా చర్చిలో ఆదివారం కనబడ్డవాళ్లందరినీ కౌగిలించుకోవాలి, లేకపోతే కోపమొచ్చిందనుకుంటారు. పాస్టర్ గారి భార్య ఇమొజీన్ గట్టిగా కావలించుకుని, ఆగి, నడుం తడిమి, గొంతు తగ్గించి, "వెల్డా, ఎప్పుడు ఆపరేషనయింది? మాకు ఒక్క మాటైనా చెప్పలేదే" అంది. సాయంత్రానికి వెల్డా ఇంటికి మూడు గిన్నెల కూర వచ్చింది. ఆపరేషన్ కాదని చెప్పడం దేనికని ఆ కూర తినేసింది.

చివరికి తనే కుట్టుమిషన్ ముందు కూర్చుంది. గౌను పక్క కుట్టు విప్పి చెయ్యి దూరేంత సందు పెట్టి, ఒరను కాస్త వెనక్కి జరిపి, పైన వదులు చొక్కా ఒకటి తొడిగింది. ఖాళీ పిస్తోలుతో రోజుకు వందసార్లు తీసి పెట్టుకునేదట. కొడుకు కంట పడకుండా.

చేపల వేపుడు రోజు యాభైమంది దాకా చేరారు. నూనె మూకుళ్లు చల్లారాక అందరం గుంట దగ్గరికి నడిచాం. రాయ్స్ కర్రకు అల్యూమినియం పళ్లెం మేకుతో కొట్టి, ఏడు గజాలు తనే అడుగులతో కొలిచాడు. వాడి అడుగులు పెద్దవి. ఆమె వాడు కొలిచిన చోటికే వెళ్లి నిలబడింది. పశువుల డాక్టర్ నా చెవిలో, "ఆ గడ్డపార ఎత్తగలదంటావా?" అన్నాడు. "నోరు మూసుకుని చూడు" అన్నాను. ఒక్కటి తప్పిందా, ఇక ఆ కారులో రెండో సీటు ఎప్పటికీ ఖాళీ కాదు.

చెవుల్లో బిరడాలు, పైన మూతలు. చెయ్యి గౌను పక్కకు వెళ్లింది, వచ్చింది. ఐదు కాల్చింది. తొందర లేదు, ఆలస్యమూ లేదు. రాయ్స్ వెళ్లి పళ్లెం ఊడదీసి, బెజ్జాలు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఐదు బెజ్జాలూ ఒక కప్పు మూతి కింద పట్టేస్తాయి.

"మాటంటే మాటే, అమ్మా" అన్నాడు. మగాళ్లందరూ చప్పట్లు కొట్టి, ఎవరి పిస్తోలు వల్ల ఆమెకు చెయ్యి తిరిగిందో వాదించుకుంటూ వెళ్లారు.

సోమవారం ఆమె ఒక్కతే బయల్దేరింది. బడికి వేసవి సెలవులు. పది గంటలకు రాయ్స్ నా కొట్టుకొచ్చి ఎరల తొట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఏమీ కొనలేదు. పదకొండయింది.

"ఏంట్రా, బాగాలేదా?" అన్నాను.

"అంత బాగా కొట్టాలా, ఆర్లిన్? ఒక్కటి తప్పితే ఏం పోయింది?"

"నీ పందెమే కదా."

"నాదే. ఏప్రిల్లో భయంతోనే ఎక్కాను, ఒట్టు. తర్వాత... మధ్యాహ్నం ఎక్కడో ఆపి బర్గర్ తినేవాళ్లం. నాన్న సంగతులు చెప్పేది. పెళ్లికి ముందు ఆయన ఎంత పిరికోడో చెప్పి నవ్వేది. ఇన్నేళ్లలో అమ్మతో అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు రానివ్వమని ఎలా అడుగుతాను? పందెం ఓడినోణ్ణి." కళ్లు తుడుచుకోలేదు గానీ, టోపీ కిందికి లాక్కున్నాడు. నాకు చాలా జాలేసింది.

నా కడుపులో మాట దాగదు. మంగళవారం వెల్డా తూటాలకు వస్తే అంతా చెప్పేశాను. ఆమె డబ్బా మూత తెరిచి, మళ్లీ మూసింది.

"నాకు తెలుసు" అంది.

"తెలిసీ అలా కొట్టారా?"

"పనికి పోయిన చోట చెవులు నావి కావాలి, ఆర్లిన్. శ్రుతి తప్పిన పియానో వదిలి రాలేను. కొట్టక ఏం చేస్తాను?" అని డబ్బా సంచిలో వేసుకుంది. "కానీ ఆ నల్లది నాకు రెండో శనివారమే కుదిరింది. నువ్వు పురుగుల డబ్బాలు సర్దుకుంటున్నప్పుడు కాల్చి చూసుకున్నాను. మళ్లీ అరలో పెట్టేసి, ఇంకో నాలుగు శనివారాలు నీ చుట్టూ ఎందుకు తిరిగాననుకున్నావు? పిస్తోలు దొరకనంతకాలం వాడు నా పక్క సీట్లోనే ఉంటాడుగా."

ఆమె బల్ల మీది నా ఫోను తన వైపు తిప్పుకుని, కొడుకు నంబరు నొక్కింది.

"రాయ్స్, గురువారం ఓక్ ఫ్లాట్‌లో ఓ పియానోని గోడ నుంచి జరపాలి. బరువైంది. నువ్వొస్తావా?... ఆఁ, పిస్తోలు నా దగ్గరే ఉందిలే. పియానోలు జరపడం దానికి రాదు."