ఒళ్లు తగ్గమన్నారు, నిద్ర పోనిచ్చారా?

నేను దొంగతిండి తింటున్నానని మా ఊరంతా నమ్మింది. అత్త నమ్మింది. మొగుడు నమ్మాడు. చివరికి ఆత్మకూరు డాక్టరు కూడా నమ్మాడు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మేముండేది ఉదయగిరికి అవతల, సీతారామపురం వైపు ఒక మెట్ట ఊళ్లో. గొర్రెలే మా బతుకు. రెండో కాన్పుకు కడుపు కోసిన చోట, కొన్నేళ్ల తర్వాత, నిమ్మకాయంత ఉబ్బు లేచింది. బిందె ఎత్తితే బయటికి పొడుచుకొచ్చేది, వెల్లకిలా పడుకుంటే లోపలికి పోయేది. వేడి చేసిందేమోలే అనుకుని మొదట్లో పట్టించుకోలేదు. అది కోడిగుడ్డంతయి, దగ్గినప్పుడల్లా ప్రాణం జివ్వుమంటుంటే అప్పుడు ఆత్మకూరు పోయి చూపించుకున్నాం.

"పేగు జారిందమ్మా," అన్నాడు డాక్టరు. "లోపల వల పెట్టి కుట్టాలి. కానీ ఈ ఒంటితో కుడితే నిలవదు, మళ్లీ జారుతుంది. ఎనిమిది కిలోలు తగ్గి రా, చేస్తాను. ఈలోగా ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి వాంతులయ్యాయంటే మాత్రం ఉన్నపళంగా వచ్చెయ్. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది."

ఉన్నపళంగా రావడానికి మా ఊరికి బస్సులేమన్నా వరస కట్టి నిలబడి ఉన్నాయా? సాయంత్రం బస్సు తప్పితే మళ్లీ పొద్దున్నే. ఆ రోజు తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా పొట్ట మీద చెయ్యి తియ్యలేదు నేను. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు, ఇంకా ఒక దారికి రాలేదు. ఎనిమిది కిలోలు తగ్గితే బతుకు, తగ్గకపోతే ఏ రోజు ఏమవుతుందో తెలియదు. భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు గానీ బాగా భయపడ్డాను.

ఇక చూడండి, ఊరు ఊరంతా డాక్టర్లయిపోయారు. ఒకామె ఉలవలు ఉడికించిన నీళ్లు తాగమంది. ఇంకొకామె ఫోన్‌లో వీడియో చూపించి జీలకర్ర నీళ్లంది. నేను సంగటి గిన్నె వైపు చూస్తేనే మా అత్త కళ్లెర్రజేసేది. పొద్దున మజ్జిగ నీళ్లు, మధ్యాహ్నం నాలుగు దోసకాయ ముక్కలు. పగలంతా అంతే. మా ఆయన ఉదయగిరి పోయి నాకు బూట్లు కొనుక్కొచ్చాడు. "పొద్దన్నే లేసి నడువు మే, అదే తగ్గతాది," అన్నాడు.

పొద్దున్నే అంటే ఏ పొద్దున? కోడి కూసేసరికి నేను లేచి బర్రె పాలు పిండాలి, దొడ్డి ఊడ్చాలి, నీళ్లు పట్టాలి. వీటన్నిటికంటే ముందు నడవాలంటే ఇంకెంత ముందు లేవాలి? లేచాను! చెప్పినట్టల్లా ఆడాను. చీకట్లో చీర కింద బూట్లేసుకుని రోడ్డు మీద నడుస్తుంటే కుక్కలు వెంటపడేవి. కుక్కల్ని అదిలించడానికి ఒక చేత్తో కట్టె, ఉబ్బు అదరకుండా ఇంకో చెయ్యి పొట్ట మీద. ఉన్న కాస్త నిద్రనూ ఆ బూట్లు మింగేశాయి.

రాత్రి సంగతి చెప్పలేదు కదా, అసలు కథంతా అక్కడే ఉంది. మా ఇళ్లల్లో ఒక కట్టుబాటు. మంద వెంట పోయిన మగవాడు ఇంటికొచ్చి తినందే ఆడది ముద్ద నోట్లో పెట్టకూడదు. సంగటి కూడా పొగలు కక్కుతూ ఉండాలి. పొద్దుగూకేటప్పుడు చేసిపెడితే గట్టిపడిపోతుంది, అయ్యగారికి గొంతు దిగదు. అందుకని ఆయన గడప తొక్కాకే పొయ్యి మీద ఎసరు. ఆయన గొర్రెల్ని ఎవరో ఒక రైతు చేనులో చేర్చి, అవి సర్దుకుని పడుకున్నాక, తమ్ముణ్ణి కాపలా ఉంచి ఇంటికొచ్చేసరికి ఊరంతా ఒక నిద్ర తీసి ఉండేది.

అప్పుడు వండి, వడ్డించి, ఆయన చెయ్యి కడుక్కున్నాక నేను కూర్చునేదాన్ని. పొద్దుటి నుంచీ మజ్జిగ నీళ్ల మీద ఉన్న కడుపు. చేతులు వణికేవి. ఒక ముద్దతో ఆగుతుందా? రెండు ముద్దలు, శెనక్కాయల పచ్చడి, గిన్నె అడుగున అంటుకున్నది గోకి అదీ, డబ్బాలో బెల్లం కనిపిస్తే ఆ బెల్లం ముక్కా. అంతా లోపలికి తోసి, గిన్నెలు తోమి, ఉన్నచోటే పడిపోయేదాన్ని. నిండు కడుపుకి ఉబ్బు పీకుతుంటే కన్ను మూతపడేది కాదు. తీరా మూతపడే వేళకు బూట్లు తొడుక్కునే వేళయ్యేది.

కొన్ని నెలలు ఈ తపస్సు చేసి మళ్లీ ఆత్మకూరు పోయి కాటా ఎక్కాను. తగ్గడం దేవుడెరుగు, కిలోన్నర పెరిగాను. డాక్టరు నన్ను వదిలేసి మా ఆయన వైపు తిరిగాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో దొంగతిండి జరుగుతున్నట్టుందే!"

"అదే సార్, మా అమ్మ గూడా అదే మాట అంటాది," అని మా ఆయన నవ్వాడు. డాక్టరూ నవ్వాడు.

ఇద్దరు మగవాళ్లు నా కడుపు మీద నవ్వుకుంటున్నారు! నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పుట్టింట్లో అనేవాళ్లు. పెళ్లయ్యాక దాన్ని మింగడం నేర్చుకున్నాను. ఆ రోజు మింగుడు పడలేదు.

"ఏం తింటుండావని అందరూ అడగతారు. ఎప్పుడు తింటుండావని ఒక్కరన్నా అడిగినారా సార్?" అన్నాను. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినపడి ఉంటుంది, వినపడనీ. "పగలంతా పస్తు. ఈయనొచ్చినాక వండతా, ఈయన తిన్నాక తింటా, ఊరంతా పడుకోని లేసే వేళకి పడుకుంటా. కన్ను మూసీ మూయకముందే నడవమని లేపతారు. నిద్రనేది ఎట్టుంటాదో నేను మర్చిపోయి ఏండ్లయింది. మీకేమో నవ్వుగా ఉండాదా?"

డాక్టరు నవ్వడం ఆపాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని అన్నీ మొదటి నుంచి అడిగాడు. ఎన్ని గంటలు పడుకుంటాను, పడుకునే ముందు ఏం తింటాను, మధ్యాహ్నం ఎందుకు తినను, అన్నీ. విన్నాక "ఇది మొదటిసారే అడగాల్సిందమ్మా, పొరపాటు నాదే," అన్నాడు. ఆ మాటకు నా కోపం సగం దిగింది. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. నిద్ర చాలకపోతే ఆకలి ఎక్కువవుతుంది, అందులోనూ తీపి మీదికి, పిండి పదార్థాల మీదికి ప్రాణం లాగుతుంది. బెల్లం డబ్బా వైపు నా చెయ్యి ఊరికే పోలేదన్నమాట. పస్తులుండి, నిద్ర కూడా మానుకుంటే కొవ్వుకు బదులు కండ కరుగుతుంది. పొద్దుపోయాక కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే, ఆ తిండిని ఒళ్లు పగటిపూటలాగా ఖర్చు పెట్టుకోలేదు.

"పగలు సరిగ్గా తిను. దీపాలు పెట్టే వేళకే రాత్రి కూడు తినెయ్. పెందలాడే పడుకో. ఆ చీకటి నడక మానేసి సాయంత్రం నడువు," అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అట్టా కుదరదు సార్. మా ఇండ్లల్లో మగోళ్లు తినకముందు ఆడోళ్లు తినరు."

"అయితే మీ ఇండ్లల్లో ఆపరేషన్ కూడా కుదరదు," అన్నాడు డాక్టరు.

మర్నాడే మొదలుపెట్టాను. దీపాలు పెట్టే వేళకు జొన్నరొట్టె, ఆకుకూర పప్పు చేసుకుని అత్త ఎదురుగానే కూర్చుని తిన్నాను. అత్త బుగ్గలు నొక్కుకుంది.

"మొగుడు చేన్లో ఉండంగానే కంచం ముందర కూచుంటివే! సిగ్గుండాదా మే నీకు?"

"సిగ్గుపడితే ఉబ్బు తగ్గతాదా అత్తా?"

ఆయనకు సంగటి చేసి, మూత పెట్టి పడుకున్నాను. ఆయనొచ్చి మూత తీసి చూసి, ఠపీమని పెట్టేసి, తినకుండానే ముసుగు తన్నాడు. ప్రతిరోజూ అదే వరస. అత్త అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకునేది: "నా కొడుకు పస్తు పడుకుంటుండాడమ్మా, ఇదేమో గుర్రుపెట్టి నిద్రపోతాది." గుర్రు ఎక్కడిది? పక్కన మనిషి ఆకలితో పడుకుంటే నాకు మాత్రం నిద్ర ఎట్లా పడుతుంది? పగలంతా ఎండలో గొర్రెల వెంట తిరిగే మనిషి. జాలేసింది. పోనీలే, రేపట్నుంచి మళ్లీ లేచి వేడిగా చేసిపెడదాం, నా ప్రాణానికి ఏమైతే అదే కానీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, అదే ఇప్పటికీ నాకు మంట.

మర్నాడు ఉదయగిరిలో బస్సు కోసం నిలబడి ఉంటే, అప్పుడు మా మంద ఎవరి చేనులో ఉందో ఆ రైతు భార్య కనబడింది. గొర్రెల పెంట చేనుకు బలమని రైతులు రాత్రిళ్లు తమ చేలల్లో మంద కట్టించుకుంటారు. మంద ఉన్నన్నాళ్లు కాపరికి రాత్రి కూడు ఆ ఇంటి నుంచే క్యారేజీలో పోతుంది. ఆ పద్ధతి నాకు తెలియంది కాదు. కానీ "ఆ కూడు తమ్ముడొక్కడికే చాలదు, నేను ఇంటికొచ్చే తినాల," అని మా ఆయన పెళ్లయినప్పటి నుంచీ చెప్పేవాడు. నేను నమ్మాను.

"ఏమ్మా, మా ఇంటి ఎండుచేపల పులుసు మీ ఆయనకి బాగా నచ్చినట్టుండాదే," అందామె నవ్వుతూ. "పొద్దుగూకతానే ఇద్దరికీ క్యారేజీ పంపతాం. అన్నదమ్ములు మెతుకు మిగల్చరు. నిన్న గూడా మీ ఆయన ఇంకొంచెం అన్నం అడిగి పెట్టించుకున్నాడంట."

నిన్న! ముసుగు తన్ని పస్తు పడుకున్న నిన్న!

ఆమె ముందు ఎట్లాగో నవ్వాను. మంచి మనిషి, ఆమెకేం తెలుసు. బస్సొచ్చినా నేను ఎక్కలేదు. ఇన్నేళ్లూ కడుపు నిండిన మగవాడి కోసం నేను కడుపు మాడ్చుకుని పొయ్యి ముందు కాచుకుని కూర్చున్నానన్నమాట. ఆయన వచ్చి నా ముందు తిన్నది రెండో భోజనం. మా ఇంట్లో దొంగతిండి జరుగుతోందన్న మాట అక్షరాలా నిజం, తింటున్నది నేను కాదు, అంతే!

తర్వాత దొరికిన ఆటోలో ఊరు చేరినా ఇంటికి పోలేదు. పట్టపగలు, ఎర్రటి ఎండలో, ఆయన గొర్రెలు మేపే చోటికే పోయాను. నన్ను చూసి "ఏందే, ఇట్టొచ్చినావు?" అన్నాడు.

"ఎండుచేపల పులుసు ఎట్టుండింది?"

మొహం పాలిపోయింది. "అది కాదు మే... ఇంటికొచ్చి తినకపోతే అమ్మ బాధపడతాది. కొడుకు బయట కూడుకి అలవాటు పడినాడంటాది. నాకు గూడా నీ చేతి వేడి సంగటి తింటేనే నిద్ర పడతాది."

"నీకు నిద్ర పట్టేదానికి నా నిద్ర తీసుకుంటివా? ఆకలైతే తిను, కాదన్నానా ఎప్పుడన్నా? నిండిన కడుపు మీద ఇంకో ముద్ద పెట్టేదానికి నేను పస్తుండాల్నా? ఆ డాక్టరు దగ్గర నన్ను దొంగని చేసి నవ్వితివే! పేగు ఇరుక్కోని నేను చచ్చింటే, ఏం చేసుంటావయ్యా? వేడి సంగటికి ఇంకొకతెను తెచ్చుకునుంటావా?"

తలగుడ్డ విప్పాడు, దులిపాడు, మళ్లీ చుట్టుకున్నాడు. నేను ఆగలేదు. ఇంటికొచ్చి అత్తకు ఉన్నదున్నట్టు చెప్పాను. "మీ మామ గూడా అంతేనేమో," అందామె, చనిపోయిన మా మామను తలుచుకుని. ఆ మాటతో అరుగు మీద పంచాయితీ ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నేను పడుకున్నాను. హాయిగా, ఎవరి మీదా జాలి లేకుండా పడుకున్నాను. మొదటి వారమంతా పడుకుంటే తెల్లవారేదాకా ఒళ్లు తెలియలేదు. ఏళ్ల బరువంతా కళ్ల మీదే ఉన్నట్టుంది. మధ్యాహ్నం సంగటి ముద్ద తిన్నాను, పప్పు తిన్నాను, గుడ్డు తిన్నాను. చేతుల వణుకు పోయింది. బెల్లం డబ్బా ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు. సాయంత్రాలు బూట్లేసుకుని చెరువు కట్ట దాకా నడిచాను. బరువు ఒక్కసారిగా దిగలేదు, మొండిగా, కొంచెం కొంచెంగా దిగింది. రవికెలు వదులయ్యాయి. "ఆ డాక్టరు మందేమో బాగా పనిచేస్తుండాది," అని ఊళ్లో అన్నారు. మందూ లేదు మాకూ లేదు.

ఎండాకాలం పోయాక ఆత్మకూరులో కాటా ఎక్కాను. డాక్టరు ముల్లు వైపు చూసి, ఇంకోసారి చూసి, "సరిపోయిందమ్మా. వచ్చే వారమే ఆపరేషన్ పెట్టుకుందాం," అన్నాడు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక బతుకుతాననిపించింది.

మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన మొహంలోనూ సంతోషం కనిపించింది, లేదనను. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని డాక్టరును అడిగాడు.

"ఆపరేషన్ అయినాక, సార్, మళ్లీ రాత్రిపూట వండేదానికి ఎన్నాళ్లు పడతాది?"

డాక్టరు నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు నేనే అందుకున్నాను.

"వండేదాన్ని నేను, నన్నడుగు. కుట్లు మానినా వండను, మానకపోయినా వండను. దీపాలు పెట్టే వేళకి వస్తే నా పక్కన కూచో, ఇద్దరం తిందాం. రాకపోతే చల్లటిది తిను. నన్ను మాత్రం లేపొద్దు."