రూబీ మేడమ్ తనకే వేసుకున్న తాళం

నరసాపురంలోని ఆ కాలేజీకి వెళ్లి రూబీ మేడమ్ ఎవరని అడిగితే, ఫిజిక్స్ మేడమ్ అని ఎవరూ చెప్పరు. "కంప్యూటర్ల మేడమా?" అంటారు. రాజమండ్రిలో ఎమ్మెస్సీ చదివి, కాంతి గురించి పాఠాలు చెప్పడానికి చేరిన మనిషి ఆమె. ల్యాబ్ చూసే రాజరత్నం గారు మానేసి వెళ్లిపోయాక, కరస్పాండెంటు పల్లంరాజు గారు పిలిచి, "సైన్సు చదివారు కదండీ, ఆ పెట్టెలు కూడా మీరే చూసెయ్యండి" అన్నారు. మూడేళ్లయింది, ఇంకా చూస్తూనే ఉంది.

ఆ పెట్టెల్లో ఒకటి ఫైర్‌వాల్. ల్యాబ్‌కి ఇంటర్నెట్ దాని గుండానే వస్తుంది. ఎవర్ని పోనివ్వాలో, ఎవర్ని ఆపాలో వరుసగా రాసి పెడితే గేటు దగ్గర వాచ్‌మన్‌లా పాటిస్తుంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అది రూబీనే బయటికి తోసేసింది.

మర్నాడు అక్కడ నర్సింగ్ ప్రవేశ పరీక్ష. కంప్యూటర్ మీద రాయాలి. మొగల్తూరు వైపు నుంచి అరవై మంది ఆడపిల్లలు వస్తారు. పరీక్ష పెట్టేవాళ్లు ముందే చెప్పారు: తమ సర్వర్ తప్ప ఇంకే సైటూ తెరుచుకోకూడదు, నాలుగింటికి ట్రయల్ చూస్తారు, కనెక్షన్ అందకపోతే సెంటర్ కాకినాడకి మార్చేస్తారు. కాకినాడ అంటే పిల్లలు రాత్రి రెండు గంటలకే బయల్దేరాలి. సగం మంది ఇళ్లలో పంపరు. రూబీది మొగల్తూరే, ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాగితం మీద రాసుకున్న నియమాలు తన కంప్యూటర్ నుంచి పెట్టెలోకి ఎక్కించి, సేవ్ నొక్కింది. చక్రం తిరిగింది. తెర తెల్లగా అయిపోయింది. పక్క కంప్యూటర్‌కి వెళ్లింది, అదీ అంతే. పెట్టె ఆపి మళ్లీ వేసింది. పచ్చ దీపాలు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి. లోపలికి మాత్రం రానివ్వదు.

"ఏంటి మేడమ్, కరెంటుందిగా?" అన్నాడు అటెండరు ఆరోన్. చర్చిలో "అమ్మాయ్" అనే పెద్దాయన, కాలేజీలో మాత్రం మేడమ్ అంటాడు.

"ఉందండి ఆరోన్ గారూ. అన్నీ ఉన్నాయి. నాకే దారి లేదు."

"అంటే ఏంటండీ?"

"నాకూ అదే తెలియట్లేదు."

అప్పుడే అత్తగారి ఫోను. పాపకి ముందురోజు టీకా వేయించారు. "జ్వరం నూట ఒకటి ఉందే. మందు వేశాను. నువ్వు రానక్కర్లేదులే." రానక్కర్లేదంటే నిజంగా వద్దనా, లేక రమ్మని చెప్పలేకా? మళ్లీ చేసి అడిగింది. "వద్దంటున్నానుగా!" అని కసిరింది ఆవిడ. కాస్త నయమనిపించింది.

పెట్టె అమ్మినాయనకి రాజమండ్రికి ఫోన్ చేస్తే, "పెట్టెకే నేరుగా మానిటర్, కీబోర్డు తగిలించండి మేడమ్. మార్పు చేసిన ప్రతిసారీ అది పాత సెట్టింగులు దాచుకుంటుంది. మెనూలో పాతవి తిరిగి ఎక్కించమని ఉంటుంది, మార్చకముందువి ఎక్కించండి" అన్నాడు. ఎలా తెలుస్తుందండీ అని అడిగేలోగా లైను పోయింది.

తగిలించింది. జాబితా వచ్చింది. పదిహేడు వరుసలు, అన్నిటికీ ఒకటే తేదీ: రెండు వేల సంవత్సరం, జనవరి ఒకటి. పెట్టెలో గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినట్టుంది. ఏది నిన్నటిది, ఏది ఇవాళ్టిది? హాజరు రిజిస్టర్లో కొత్తది కిందే కదా రాస్తాం అనుకుని, కింద నుంచి రెండోది ఎక్కించింది. పెట్టె పడుకుని లేవడానికి అయిదు నిమిషాలు.

తన కంప్యూటర్లో పెట్టె పేజీ తెరుచుకుంది! కానీ ఆమె పాస్‌వర్డ్ ఒప్పుకోలేదు. పైన పేరు చూస్తే, రాజరత్నం.

"ఆయన ఎప్పుడో మానేశారు కదండీ?" అన్నాడు ఆరోన్.

"మనమే మూడేళ్లు వెనక్కి వెళ్లామండి."

అయితే కొత్తవి పైన. తాళం పడ్డది మొదటిది, దాని ముందుది రెండోది. పెట్టె మానిటర్లో దాని మీద వేలు పెట్టబోయి ఆగింది. ఇప్పుడు పద్దెనిమిది వరుసలున్నాయి. వెనక్కి వెళ్లడాన్ని కూడా పెట్టె ఒక మార్పుగా రాసుకుంది. రెండోది అనుకున్నది మూడోదైంది. అయిందా? చాక్‌పీసుతో బల్ల మీద గీసి చూసుకుంది. రెండుసార్లు మూడోదే వచ్చింది. ఒకసారి నాలుగోది వచ్చింది.

"మూడున్నర మేడమ్."

మూడోది ఎక్కించింది. ఈసారి తన పేరే, తన పాస్‌వర్డే.

పల్లంరాజు గారు గుమ్మంలోకి వచ్చారు. "అయిందాండీ? వాళ్లు అడుగుతున్నారు."

"సగం అయిందండి."

"ఏ సగం?"

లోపలికి దారి దొరికింది గానీ, మిగతా సైట్లని ఆపే కట్టడి ఇంకా మిగిలే ఉంది. అదే కాగితం ఎక్కిస్తే మళ్లీ అదే తాళం. కాగితం చూసింది. ఒకటి: ఎవరూ ఎక్కడికీ పోకూడదు. రెండు: పరీక్ష సర్వర్, నా కంప్యూటర్ మినహా. ఇందులో తప్పేముంది? ఆ కాలేజీలో నోటీసులన్నీ అలాగే ఉంటాయి. ల్యాబ్ తలుపు మీద కూడా, ఎవరూ లోపలికి రారాదు అని పెద్దగా, కింద చిన్నగా, సిబ్బంది తప్ప అని.

"ఆరోన్ గారూ, మొదటి ముక్క చదివి అక్కడితో ఆగిపోయేవాడు గేటు దగ్గరుంటే?"

"నన్నూ రానివ్వడండి, మిమ్మల్నీ రానివ్వడు. రాజుగారినైనా రానివ్వడు" అన్నాడు ఆరోన్, రాజుగారి వైపు చూడకుండా.

పల్లంరాజు గారు గొంతు సవరించుకున్నారు.

రూబీ వరుస తిరగేసి రాసింది. ముందు మినహాయింపులు, చివర్న ఎవరూ పోకూడదని. సేవ్ మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. నొక్కింది. చక్రం తిరిగింది. పేజీ పోలేదు. పక్క కంప్యూటర్లో సినిమా పాటల సైటు తెరిచింది, రాలేదు. పరీక్ష పేజీ వచ్చింది.

నాలుగూ అయిదుకి ఫోను వచ్చింది. "సెంటర్ మీదే మేడమ్. కన్ఫర్మ్."

తప్పు నిజంగా ఆ వరుసలోనే ఉందా, మధ్యలో తను ముట్టుకున్న ఇంకేదైనా సర్దుకుందా, ఆమెకి గట్టిగా తెలియలేదు. తెలుసుకోవాలంటే మళ్లీ తాళం వేసుకుని చూడాలి. ఆ పని చేసే ధైర్యం లేదు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. బుల్లెమ్మట, రొయ్యల చెరువు పని నుంచి నేరుగా వచ్చేసింది. కూతురు ఆశాజ్యోతికి మర్నాడు పరీక్ష.

"కాకినాడ అంటన్నారండీ. మా ఆయన పంపనంటున్నాడు."

"ఇక్కడేనమ్మా. ఎనిమిదింటికి తీసుకురండి."

బుల్లెమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "పొద్దున్న మళ్లీ ఏం అవదు కదండీ?"

అవదని చెప్పబోయి మాట మార్చింది రూబీ.

"నేను ఆరింటికే వచ్చి చూస్తానమ్మా" అంది.