అభ్యంతరాలు లేవు

ఆఫీసులో ఆమెను మినిట్సక్క అంటారు. ముప్పై ఏళ్లుగా కౌన్సిల్ సమావేశాల మినిట్స్ రాస్తోంది మరి. ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలుస్తాడు, వెటకారంగా.

ఆ సమావేశాలంటేనే ఆమెకు రోత. గంటసేపు ఒకళ్లనొకళ్లు నానా మాటలూ అనుకుని, టీ తాగి, మూతి తుడుచుకుని, ఏకగ్రీవమని రాసెయ్యమ్మా అంటారు. రాసేస్తుంది.

ఇప్పుడేమో ఈ శివారు కౌన్సిల్‌కి యాభై ఏళ్లు నిండాయని చరిత్ర పుస్తకం వేస్తున్నారు. అట్ట మీద పదహారు భాషలవాళ్ల నవ్వుమొహాలు. లోపల మాత్రం వెనకటికి రేకుల వీధివాళ్లు ఇష్టపడే ఖాళీ చేశారట, ఒక్కరూ నోరెత్తలేదట. సిగ్గు లేకపోతే సరి! ఆ వీధిని పడగొట్టి అక్కడ కౌన్సిలర్లు కార్లు పెట్టుకుంటున్నారు.

ఆమె పక్కింటి టైలరు బాబాయ్ కొట్టు ఆ వీధిలోనే ఉండేది. "మేం అడ్డం చెప్పామని ఒక్క ముక్క వేయించు అమ్మాయ్," అన్నాడు. "నా మనవలు నన్ను చేతకానివాడంటున్నారు. అర్జీ నా చేత్తో ఇచ్చాను." వేయిస్తానని మాట ఇచ్చింది. ఛైర్మన్ని అడిగితే, సోమవారంలోగా రుజువు తెమ్మన్నాడు పళ్లు కుట్టుకుంటూ.

రెండు రోజులు రికార్డుల గదిలో ఎలుకల కంపులో వెతికింది. ఆ అర్జీని ఏ దరిద్రుడు మింగేశాడో అని తిట్టుకుంటూనే ఉంది. చివరికి ఆనాటి రిజిస్టరు దొరికింది. రేకుల వీధి, అభ్యంతరాలు లేవు. గుండ్రటి అక్షరాలు, పొందిగ్గా.

తనవే.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల. ఆఫీసు భాషలో లేని అర్జీ అర్జీయే కాదని అప్పటి రూలు. వీధివాళ్లు తమ తమ భాషల్లో రాసిచ్చిన కాగితాలు బల్ల మీద దొంతరగా ఉంటే, వాటిమీదే అప్పటి ఛైర్మన్‌గారి టీ గ్లాసు పెట్టింది. తర్వాత చెత్తబుట్టలో వేసింది. దస్తూరీ ముత్యాల్లా ఉందని ఆయన మెచ్చుకుంటే, మురిసిపోతూ ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకుంది కూడా. ఛీ, ఎంత నీచపు బతుకు! ఆమెకు తన చేతిని చూస్తేనే అసహ్యం వేసింది.

సాయంత్రం బాబాయ్ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"దొరికిందా అమ్మాయ్?"

"దొరికింది బాబాయ్. మీరెవరూ అడ్డం చెప్పలేదని ఉంది."

"ఏ వెధవ రాశాడు?"

"నేనే," అంది.