మూడుసార్లు పరిష్కారమైన ఫిర్యాదు

నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే నలుగురిలో ఆమే పెద్దది. అందరూ పెద్దక్క అనేవారు. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఒక్క మెమో ఎరగదు. అవతలివాళ్లు ఎంత విరుచుకుపడినా గొంతు పెంచేది కాదు.

రెండు రోజుల్లో తేలని ఫిర్యాదు కంప్యూటర్లో ఎర్రబడుతుంది. ఎరుపు కనిపిస్తే పైవాళ్లు ఇంజనీరుకు తలంటేవారు. అందుకని ఆయన గడువుకు ముందే ఫోన్ చేసి, మనవాళ్లు చూసొచ్చారు, క్లోజ్ చేసెయ్యమనేవాడు. ఆమె చేసేసేది. వినియోగదారు సంతృప్తి చెందారా అన్న గడిలో అవునని కొట్టేది. ఎవరినీ అడిగింది లేదు. మొదట్లో మనసు పీకేది. తర్వాత చేతికి అలవాటైపోయింది.

ఆ ఎండాకాలం ఒక దర్జీ ఫోన్ చేసి, కుళాయి నీళ్లు మురుగు కంపు కొడుతున్నాయన్నాడు. రాసుకుంది, రెండో రోజు మూసేసింది. వారం తిరక్కుండా మళ్లీ చేశాడు. మళ్లీ అదే తంతు. మూడోసారి, భార్యకు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఆసుపత్రిలో చేర్చానన్నాడు. ఆమె వెంటనే ఇంజనీరుకు చెప్పింది. పొద్దున్నే పైపులు చూసే లైన్‌మన్‌ను పంపిస్తానన్న ఆయన, మర్నాడు సాయంత్రం క్లోజ్ చేయమన్నాడు. చేసింది.

నాలుగు రోజులకు దర్జీ భార్య పోయింది. ఆ వీధిలో మరో పదకొండు మంది మంచం పట్టారు. విచారణ వేశారు.

విచారణకు ముందురోజు ఇంజనీరు ఆమె సీటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"లైన్‌మన్ చూసొచ్చానన్నాడని చెప్పు పెద్దక్కా. కాంట్రాక్టు మనిషేగా, వాడికి పోయేదేముంది?"

ఆమె తలూపింది. కానీ ఆఫీసు వదిలాక ఇంటికి పోలేకపోయింది. అడ్రసు వెతుక్కుంటూ దర్జీ కొట్టుకు వెళ్లింది. ఆయన చొక్కాకు గుండీలు కుడుతున్నాడు. నీళ్ల ఆఫీసు నుంచి వచ్చానని ఆమె మొదలుపెట్టగానే తలెత్తాడు.

"ఫోన్లో మాట్లాడేది మీరేగా? గొంతు గుర్తుపట్టాను."

అవునంది.

"మా ఆవిడతో చెప్పానమ్మా, అక్కడొకావిడ ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది, మన పని తప్పకుండా అవుతుందని."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే ఆమె ఓర్చుకునేదేమో. ఆయన మళ్లీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

మర్నాడు విచారణ అధికారి, ఎవరు చెబితే మూసేశారని అడిగాడు.

"ఇంజనీరుగారు చెప్పారండి. నేను ఎవర్నీ అడక్కుండానే సంతృప్తి చెందారని రాశాను. రెండూ రాసుకోండి."

రెండోది రాస్తే మీ ఉద్యోగానికే ముప్పమ్మా అని ఆయన కలం ఆపాడు. ఆమె రాసుకోమనే అంది.

ఇంజనీరుకు బదిలీ అయింది. ఆమెను సస్పెండ్ చేశారు. లైన్‌మన్ జోలికి ఎవరూ పోలేదు. ఆఫీసువాళ్లు ఆమెకు ఫోన్ చేయడం మానేశారు. నిజం చెప్పి నువ్వు బావుకున్నదేమిటని భర్త రోజుకోసారైనా దెప్పుతాడు.

ఆ వీధిలో పైపు మార్చారు. పక్క వీధుల్లో పాతవే ఉన్నాయి.