చెట్టును పక్కకు జరపమన్న మాస్టారు

మా హైస్కూల్ డ్రాయింగ్ మాస్టారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. అప్పుడు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను, ఇక ఏడుపు ఆగితే ఒట్టు. అందులో మిరప ఘాటెంతో, నా తప్పెంతో నాకే తెలియదు.

ఆయన బొమ్మ నేర్పింది చెట్లతోనే. విత్తనాల పెట్టె అట్టకు చిన్న కిటికీ కోసి, చేతికిచ్చి, పత్తిచేల గట్టుకు తీసుకెళ్ళేవారు. అందులోంచి ఒకే తుమ్మచెట్టును గంటసేపు చూడాలి. ఎడమకు జరిగితే చెట్టు కుడికి పోయేది, కింద కూర్చుంటే ఆకాశంలోకి లేచేది. మంచుకీ విచ్చిన పత్తికీ నేలెక్కడుందో తెలిసేది కాదు, చెట్టొక్కటే తేలుతూ ఉండేది. నేనేమో దాన్ని ఎప్పుడూ కాగితం నట్టనడుమ నాటేదాన్ని.

"ఏమ్మాయ్, చెట్టుకేమన్నా పెళ్ళా, పీటల మీద కూర్చోబెట్టావు? పక్కకి జరుపు. చోటు వదిలితే ఎవరో ఒకరు వస్తారు" అనేవారు.

"ఎవరొస్తారండీ?"

"నాకేం తెలుసు? వచ్చాక నువ్వే చెప్పు" అని జేబులోంచి వేయించిన శనక్కాయలు తీసి పెట్టేవారు.

రెండేళ్ళ కిందట మా ఊరి బడి గోడ మీద పెద్ద వేపచెట్టు వేశాను. ఊరంతా మెచ్చుకున్నారు. మాస్టారు బస్సెక్కి వచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో అట్టలోంచి చూసి, "చెట్టు బాగుందమ్మాయ్. మళ్ళీ మధ్యలోనే వేశావే! సాయంత్రం దాకా కూర్చుని చూశావా ఈ గోడని?" అన్నారు. నలుగురిలో అనేసరికి నాకు తిక్క రేగింది. "మీకేదీ నచ్చదు లెండి" అనేశాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. మళ్ళీ నేను ఆయన గుమ్మం తొక్కలేదు. కోతలయ్యాక వెళ్దాం, తప్పయిందని చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

సమాధుల తోటలో గొయ్యి తీసేవాళ్ళు చింతచెట్టుకు సరిగ్గా ఎదురుగా గునపం వేయబోయారు. మాస్టారి భార్య ఏడుస్తూనే కేకేశారు: "అక్కడొద్దయ్యా! కాస్త పక్కకి జరపండి. నడిమధ్యన పెడితే ఆయనకి నిద్రపట్టదు." ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు సున్నం కలిపి గోడ మీది నా చెట్టును చెరిపేశాను. గోడ ఆరాక అరుగు మీద కూర్చున్నాను. మీరు నమ్మరు గానీ, ఎండ వాలేసరికి బడి ఆవరణలోని వేపచెట్టు నీడ మెల్లగా గోడెక్కింది. ఒక్కో కొమ్మా వచ్చి ఆ తెల్లటి ఖాళీలో అమరింది. ఇన్నాళ్ళూ నా రంగుల మీద పడి ఎవరికీ కనబడలేదు.

"వచ్చిందండీ మాస్టారూ" అన్నాను, పైకే.

గాలి తోలింది. గోడ మీద ఆకులన్నీ కదిలాయి.